ఎనిమిదో కోరిక

మా ఇంట్లో పిల్లలకు అక్షరాలకంటే ముందు నేర్పే విద్య ఒకటుంది. నీకు కావలసిన వస్తువు వైపు చూడొద్దు. చూశావా, ధర పెరిగినట్టే.

నాకు ఆరేడేళ్ళప్పుడు సరుకు కోసం బేగంబజారుకు వెళ్తూ మా అమ్మ నన్ను వెంట తీసుకెళ్ళేది. ఒకసారి మాకు కావలసింది పసుపు. అమ్మ మాత్రం గంటసేపు మిరపకాయలు తుంచి చూసింది, ధనియాలు వాసన చూసి ముఖం చిట్లించింది, చింతపండులో గింజలెక్కువన్నది. ఇక కుదరదని లేచి, చెప్పులు కూడా వేసుకున్నాక వెనక్కి తిరిగి, “సరే తియ్యి, ఉత్తచేతులతోని పోవుడెందుకు, గా పసుపైనా ఒక బస్తా ఎయ్యి” అన్నది, సేటు మీద జాలిపడుతున్నట్టు. దారంతా నాకు చెబుతూనే ఉంది: “చూసినవా బిడ్డా? అసలుది ఆఖరుకు అడగాలె. అడిగినట్టు గూడ ఉండొద్దు.”

పదేళ్ళు వచ్చేసరికి నేను గాజులమ్మే ఆమెను ఏడిపించేదాన్ని. ఇరవై దాటాక మూసాపేటలో బట్టల దుకాణం వాళ్ళింటికి కోడలిగా వెళ్ళాను. అక్కడ మా అత్తగారు నా బేరం చూసి ముచ్చటపడి, అదే రోజు నుంచి నన్ను ఒక కంట కనిపెట్టడం మొదలుపెట్టింది.

మా పుట్టిల్లు చందానగర్‌లో బొంబాయి రోడ్డు మీద. ముందు కిరాణా దుకాణం, వెనక గోదాం, దాని వెనక ఇల్లు. నా మొదటి కాన్పు ఆ గోదాంలోనే జరిగింది. బియ్యం బస్తాలు ఒక పక్కకు నెట్టి, దూలానికి తాడు కట్టి, కింద పాత బొంత పరిచారు. మా వాడకట్టులో సగం మందిని భూమ్మీద పడేసిన మంత్రసాని వచ్చింది. నన్ను కూడా ఆమే పడేసింది. నేను తాడు పట్టుకుని గొంతుక్కూర్చుంటే, ఆమె నా వెనక కూర్చుని మోకాలు నా నడుముకు ఆనించింది. నొప్పి వచ్చినప్పుడు ఆ మోకాలు గట్టిపడేది, తగ్గగానే మెత్తబడేది. నేను చెప్పకుండానే ఆ మోకాలికి నొప్పి సంగతి ఎట్లా తెలిసిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. చెవిలో మాత్రం ఒకటే మాట: “ఇగ వచ్చె, ఇగ వచ్చె. జర ఓపిక పట్టు బిడ్డా.”

కూతురు పుట్టింది. అంతవరకు అంతా బాగుంది. ఆ తర్వాత బిడ్డ వెంట పడాల్సిన మాయ సగమే పడింది. నెత్తురు ఆగలేదు. మంత్రసాని పొట్ట పిసికింది, ఏవో కషాయాలు తాగించింది, మిగిలిన మాయ పడాలని నా జుట్టు నా నోట్లో పెట్టి ఓకరింపు తెప్పించింది. బొంత తడిసిపోయింది. అప్పుడు దుకాణం ముందు ఉప్పు లారీ ఒకటి సరుకు దింపుతోంది. మా నాన్న సగం దింపిన ఆ లారీలోనే, మిగిలిన బస్తాల మీద పరుపు వేయించి నన్ను పట్నం పెద్ద దవాఖానకు తీసుకెళ్ళాడు.

అక్కడ బతికించారు. ఆ మాట ముందు చెప్పాలి. తర్వాతి మాట కూడా చెప్పాలి. ఐదు రోజులున్నాను, ఎవరూ నాతో మాట్లాడలేదు. నా మంచం చుట్టూ నిలబడి నా గురించి ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. చెప్పకుండా దుప్పటి తీశారు, చెప్పకుండా చెయ్యి పెట్టారు. ఏం జరిగిందని ఒక నర్సును అడిగితే, “ప్రాణం దక్కింది కదమ్మా, ఇంకేం కావాలి?” అంది. ఆమె మంచిదే, తల కూడా దువ్వింది. కానీ ఆ మాట నాతోనే ఇంటికి వచ్చేసింది. ప్రాణం దక్కిన ఆడది ఇంకేమీ అడగకూడదని ఎవరు పెట్టారు ఆ లెక్క? మా దుకాణంలో అయితే అసలు సరుకు కొన్నాక కొసరు అడగని వాళ్ళను పిచ్చివాళ్ళంటారు.

నేను ఇంటికి వచ్చిన మూడో రోజున మంత్రసాని వచ్చింది. లోపలికి రాలేదు. దుకాణం మెట్టు మీద కూర్చుని, నన్ను బయటికి పిలిపించి, నా ముఖం చూడకుండా రోడ్డు వైపు చూస్తూ చెప్పింది. “మల్లొకపాలి దవాఖానకే పో బిడ్డా. నా చేతికి నెత్తురు ఆగలే.”

తన పనిలో తనకు చేతకాని చోటు ఎక్కడుందో అట్లా నేరుగా చెప్పిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. మా వ్యాపారంలో అది ఉండదు.

నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ నెల తప్పాను, ఏడో నెల రాగానే పెద్దదాన్ని వెంటబెట్టుకుని పుట్టింటికి చేరాను. డెబ్బైల మొదట్లో అన్నమాట. ఈలోగా రోడ్డుకు అవతల, మా దుకాణానికి సరిగ్గా ఎదురుగా ఉన్న బంగళా కిరాయికి తీసుకుని ఒక డాక్టరమ్మ ఆరు మంచాల ఆసుపత్రి పెట్టింది. కృష్ణా జిల్లా వైపు మనిషి. భర్త కొత్త ఫ్యాక్టరీలో ఇంజనీరు. దూది, ఫినాయిలు, సబ్బులు మా దగ్గరే కొనేది. చెప్పిన ధర ఇచ్చేసి, “వస్తానండీ” అని వెళ్ళిపోయేది. మా నాన్నకు ఆమె అంటే భయం. “బేరం చెయ్యని మనిషి మనసుల ఏమున్నదో ఎట్ల తెలుస్తది?” అనేవాడు.

నాకు కావలసినవి రెండు. ఆమె బీరువాలో ఉందని అందరూ చెప్పుకునే, నెత్తురు ఆపే ఇంజెక్షన్. నా నడుము వెనక మంత్రసాని మోకాలు. ఒకటి రోడ్డుకు ఆ పక్క ఉంది, ఒకటి ఈ పక్క ఉంది. ఆ రెండూ ఒక గదిలో ఉండవని ఊరంతా నమ్మకం. దవాఖానకు పోతే మంత్రసాని లేదు, మంత్రసాని కావాలంటే దవాఖాన లేదు. నేనేమో రెండూ కావాలనుకున్నాను. సావుకారి కూతురిని, ఒకటి వదిలి ఒకటి తీసుకోవడం చేతకాదు.

ఇంజెక్షన్ ఎట్లాగూ ఇస్తుంది, దానికి బేరం అక్కర్లేదు. బేరమంతా మోకాలి కోసం. అమ్మా నేనూ చింతపండు గింజలు తీస్తూ కూర్చుని పథకం వేశాం.

“ఉత్తగ మంత్రసాని కావాలంటే ఇయ్యదు. ఏడెనిమిది అడుగు. ఒక్కొక్కటే ఇడుస్త పో. ఆఖరుకు ఆమెకే మొఖమాటమైతది” అన్నది అమ్మ.

“ఏమేం అడగాలె?”

“కాన్పుకు ముందు కింద గొరగొద్దను. సబ్బునీళ్ళ ఎనిమా వద్దను. గాజులు తియ్య అను. మాయ మనకే ఇయ్యాలె, పాతిపెట్టుకుంటమను.”

“మాయ ఏం జేసుకుంటమే?”

“ఇడిచిపెట్టడానికేనాయె!”

ఏడు ఉత్త కోరికలు తయారుచేశాం. ఎనిమిదోది అసలుది. వంటింట్లో అమ్మ డాక్టరమ్మగా, నేను నేనుగా రెండుసార్లు రిహార్సల్ కూడా వేశాం. రెండుసార్లూ నేనే గెలిచాను. అమ్మను ఓడించిన సంతోషంతో మర్నాడు రోడ్డు దాటాను.

డాక్టరమ్మ కాగితం, ఎర్ర పెన్సిలు తీసుకుని, “చెప్పండి, ఒక్కొక్కటే రాసుకుంటాను” అంది. అక్కడే నాకు అనుమానం రావాల్సింది. కోరికలు రాసుకునే వ్యాపారిని ఎక్కడ చూశాం?

“గొరగొద్దండి” అన్నాను.

ఆమె కొంచెం ఆలోచించింది. “అదెందుకు చేస్తామో నాకూ సరిగ్గా తెలీదండీ. మాకు అలా నేర్పారు, చేస్తున్నాం. వద్దంటే మానేద్దాం.”

నేను తెల్లబోయాను. మొదటి మాటకే దిగివచ్చే మనిషితో ఎట్లా బేరం చెయ్యాలో మాకెవరూ నేర్పలేదు. ఎనిమా వద్దన్నాను. “అవసరమైతే తప్ప చెయ్యను” అంది. నొప్పులప్పుడు మంచినీళ్ళు తాగనివ్వాలన్నాను. గుటక గుటకగా తాగొచ్చంది. గాజులు ఉంచుకోనిచ్చింది. కాన్పు గదిలోకి కాంపౌండరు రాకూడదన్నాను. “రాడు. వస్తే నేనే తరుముతాను.” మాయ అడిగాను. ఇంత విచిత్రమైన కోరికకైనా అభ్యంతరం చెబుతుందేమోనని ఆశగా చూశాను. “మీదే కదండీ, తీసుకెళ్ళండి” అని రాసుకుంది. పైకప్పుకు తాడు కట్టాలన్నాను. అప్పుడు మాత్రం తలెత్తింది. “అవి రేకులండీ. ఊడితే మీ బిడ్డ మీదా నా నెత్తి మీదా పడతాయి. అది కుదరదు.”

హమ్మయ్య, ఒకటి వద్దన్నది. ఇదే అదను. అమ్మ నేర్పినట్టు లేచి నిలబడ్డాను. చీర కుచ్చిళ్ళు సర్దుకున్నాను. గుమ్మం దాకా వెళ్ళి, కిటికీలోంచి రోడ్డు చూస్తూ, “ఇంకొకటి... అంత ముఖ్యమేం కాదు. మా మంత్రసాని నా దగ్గర ఉంటనంటున్నది. ముసలామె. మీకు ఇబ్బందైతే వద్దు తియ్యండి” అన్నాను.

“ఇబ్బందేనండీ. ఇన్‌ఫెక్షన్ భయం ఒకటి ఉంటుంది కదా. మీరు కూడా ముఖ్యం కాదంటున్నారు కాబట్టి వదిలేద్దాం” అని ఎర్ర పెన్సిలుతో కొట్టేసింది. కాగితం మడిచి, నిజంగా సంతోషంగా నవ్వింది. “ఎనిమిదింట్లో ఆరు ఇచ్చేశాను. తృప్తేనా?”

తృప్తేనని చెప్పి వచ్చాను. ఇంకేం చెప్పను?

అమ్మ సంగతంతా విని, చేతిలో చింతపండు బుట్ట కింద పెట్టింది. “గాజులు దక్కినయి, మాయ దక్కింది. సావుకారి బిడ్డవై పుట్టి పసుపు ఇడిచిపెట్టి మిరపకాయలు మోసుకొచ్చినవ్ గదనే!”

“నువ్వు చెప్పినట్టే చేసిన.”

“నేను బేగంబజారుల చెయ్యమన్న. దవాఖానల ఎవరు చెయ్యమన్నరు?”

మర్నాడు వెళ్ళి, అమ్మా పొరపాటైంది, నాకు కావలసింది అదొక్కటే అని చెబితే సరిపోయేది. రోడ్డు దాటితే ఆసుపత్రి. కానీ మెట్టు దిగిన బేరానికి మళ్ళీ మెట్టెక్కడం మా వాళ్ళకు చచ్చేంత అవమానం. రోజుకొక సాకు దొరికింది. లారీలెక్కువున్నాయి. ఎండగా ఉంది. డాక్టరమ్మ బయటికి పోయినట్టుంది. అట్లా రెండు నెలలు దుకాణంలో కూర్చుని ఎదురుగా ఆ గేటు చూస్తూ గడిపాను. మంత్రసానికి చెప్పినప్పుడు, “మంచిగయింది, నాకేం పని ఆడ?” అని కొంగు దులుపుకుంది. మళ్ళీ మర్నాడే వచ్చి, “ఎన్నో నెల పడ్డది?” అని అడిగింది. ఆమెకు తెలియకనా!

నొప్పులు పొద్దున్నే, దుకాణం తెరిచిన కాసేపటికి మొదలయ్యాయి. నేనూ అమ్మా బస్సు ఒకటి పోనిచ్చి రోడ్డు దాటాం. మంత్రసాని నా బట్టల మూట గేటు దాకా మోసుకొచ్చి, నర్సుకు అందించి, తిరిగి వెళ్ళి మా దుకాణం మెట్టు మీద కూర్చుంది. బల్ల మీద పడుకున్నాక తల తిప్పితే కిటికీలోంచి ఆమె కనిపించింది. అంత దూరాన, చిన్నగా.

ఇనుప బల్ల. వెల్లకిలా పడుకోవాలి. కాళ్ళు రెండూ పైకెత్తి పట్టీల్లో పెట్టారు. వెల్లకిలా తిరగబడ్డ బొద్దింక ఎట్లా ఉంటుందో అట్లా ఉన్నాను. గాజులు మాత్రం చేతులకు నిండుగా ఉన్నాయి, నేను సాధించుకున్నవి. మధ్యాహ్నానికి నొప్పులు ఎక్కువ కావాల్సింది పోయి పలచబడ్డాయి. డాక్టరమ్మ గరాటులాంటిది నా పొట్ట మీద పెట్టి చెవి ఆనించి విన్నది.

“బిడ్డ గుండె బాగుందండీ. నొప్పులే తగ్గాయి. సెలైన్‌లో మందు ఎక్కిస్తాను. అప్పటికీ రాకపోతే చిన్న కోత పెట్టి పట్టకారుతో తీయాల్సి రావచ్చు. ముందే చెబుతున్నాను.”

చెప్పింది. పెద్ద దవాఖానలో ఎవరూ చెయ్యని పని అది. అందుకేనేమో నాకు ధైర్యం వచ్చి అడిగాను. “ఇట్ల వెల్లకిల ఎందుకు పండవెడ్తరు?”

ఆమె సమాధానం వెతుక్కుంది. “వెలుతురు బాగా పడుతుంది. వంగక్కర్లేదు. నడుము నొప్పి రాదు.”

“ఎవరి నడుము?”

నర్సు ఫక్కున నవ్వి నోరు మూసుకుంది. డాక్టరమ్మ కూడా నవ్వబోయి ఆగింది. “మాదేనండీ” అంది మెల్లగా. మొదటిసారి ఆ విషయం విన్నట్టుగా.

“డాక్టరమ్మా, నేను అబద్ధం చెప్పిన.”

“దేని గురించి?”

“ఎనిమిదోది. నాకు కావాల్సింది అదొక్కటే. మిగతావన్నీ వాపసు తీసుకోండి. గాజులు గూడ.”

ఆమె ముఖం ఎర్రబడింది. “ముఖ్యం కాదన్నారు కదండీ మీ నోటితోనే?”

“మా దుకాణంల అట్లనే అడుగుతం.”

“ఇది దుకాణం కాదు. మీకేం కావాలో అడిగాను, రాసుకున్నాను. మీరు వద్దంటే కొట్టేశాను. ఇంకా మీ మనసులో దూరి చూడమంటారా నన్ను?”

దవాఖానల్లో ఆడవాళ్ళను ఎవరూ అడగరని నాలుగేళ్ళు తిట్టుకున్నాను. ఒకరు అడిగితే, నేను దాచుకున్నాను. తర్వాత చాలా ఆలోచించాను. తప్పంతా దుకాణం మీద నెట్టడం సులువే, కానీ ఈ విద్య ఒక్క దుకాణందే కాదు. మా ఇంట్లో ఆడవాళ్ళెవరూ ఏదీ నేరుగా అడగగా చూడలేదు నేను. పుట్టింటికి వెళ్ళాలంటే తలనొప్పి వచ్చేది. కొత్త చీర కావాలంటే పాతది చిరిగేది. బేగంబజారులో అమ్మ నేర్పింది బేరమో, బతుకో, రెండూ ఎక్కడ విడిపోతాయో ఇంకా వెతుకుతూనే ఉన్నాను.

డాక్టరమ్మ కిటికీ దగ్గరికి వెళ్ళి బయటికి చూసింది. మెట్టు మీద కూర్చున్న మనిషిని చూసే ఉంటుంది.

“ఆమెను రమ్మనండి. ఒక గంట మందు పెట్టకుండా చూస్తాను. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలి. గోళ్ళు తీయాలి. లోపల చెయ్యి పెట్టకూడదు. బిడ్డ గుండె తగ్గిందంటే ఆ తర్వాత అంతా నా మాటే.”

“సరే” అన్నాను. జీవితంలో తొలిసారి ఎదుటివాళ్ళు చెప్పిన షరతులకు ఎదురు చెప్పకుండా ఒప్పుకున్నాను.

మంత్రసాని వచ్చింది. చేతికి వెండి కడియాలు. పెళ్ళినాడు వేసుకున్నవట, అప్పటి నుంచి తీయలేదు. నర్సు ఒక పక్క, మా అమ్మ ఒక పక్క, సబ్బు నురగతో లాగారు. “నా మొగడు సచ్చిన నాడు గూడ తియ్యలే, నీ కాన్పుకు తీస్తున్నరే!” అని నా మీద అరిచింది. ఊడివచ్చాయి. కడియాల కింది చర్మం పసిపిల్లదిలా తెల్లగా ఉంది.

“మీరు ఏం చేస్తున్నారో చెబుతూ చెయ్యండమ్మా. నేనూ చూస్తాను” అంది డాక్టరమ్మ.

మంత్రసాని వెనక్కి తిరిగి గుమ్మంలోకి చూసింది, ఎవరో వచ్చారనుకుని. మా వాడలో ఆమెను ‘మీరు’ అన్నవాళ్ళు లేరు. మేమూ అనలేదు.

నన్ను బల్ల దింపారు. మంత్రసాని రెండు చుట్లు గదిలో నడిపించింది. నేల మీద ఉడికించిన దుప్పటి పరిచారు. గొంతుక్కూర్చున్నాను. వెనక నుంచి ఆ మోకాలు వచ్చి నా నడుముకు ఆనింది. నొప్పి రావడమూ అది గట్టిపడడమూ ఒకేసారి. “ఇగ వచ్చె” అన్నది చెవిలో. డాక్టరమ్మ టార్చిలైటు పట్టుకుని నేల మీద మోకాళ్ళ మీద వంగింది. “నా నడుమండీ...” అని గొణిగింది. గంట కాకముందే బిడ్డ వచ్చింది. మళ్ళీ ఆడపిల్లే. మా అమ్మ, “గొంతు చూడు, దుకాణంల గల్ల మీద కూసోబెట్టొచ్చు” అంది.

డాక్టరమ్మ చిన్న గాజుసీసా మెడ విరిచి, మందు లాగి నా తొడకు సూది వేసింది. మంత్రసాని నా పొట్ట మీద చెయ్యి పెట్టి కూర్చుంది. నెత్తురు కోసం ఎదురుచూస్తోందని నాకు అర్థమైంది. నేనూ అందుకే చూస్తున్నాను. మాయ మొత్తం పడింది. పొట్ట ఆమె చేతికింద రాయిలా గట్టిపడింది. కాస్త కారింది, ఆగిపోయింది.

“గంతేనా?” అన్నది మంత్రసాని.

“అంతేనమ్మా.”

ఆమె ఆ విరిగిన సీసా వైపు చూసింది. బొటనవేలంత కూడా లేదు. “గిది నాతాన ఉంటే...” అని ఆపేసింది. ఆ తర్వాత ఎవరెవరివో ఇళ్ళు చెప్పింది, పేర్లు కాదు. బావి పక్క ఇల్లు. స్టేషను కాడ ఇల్లు. రెండు గడపల ఇల్లు. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ ఇళ్ళలో కోడళ్ళు ఎట్లా పోయారో మాకు తెలుసు. డాక్టరమ్మ నేల మీది నుంచి లేవలేదు.

సాయంత్రం నర్సు ఒక ఎనామిల్ గిన్నె పట్టుకొచ్చి మా నాన్నకు అందించింది, మీద గుడ్డ కప్పి. కాగితంలో రాసి ఉందిగా! నేను అడిగిన పాపానికి ఆయన గోదాం వెనక గుంత తవ్వాడు. ఎందుకు తవ్వుతున్నాడో మాత్రం ఎవరికీ చెప్పుకోలేకపోయాడు.

ఇరవై ఒకటో రోజు పిల్లను తొట్టెల్లో వేసిన మర్నాడు, డాక్టరమ్మ దూది కోసం దుకాణానికి వచ్చింది. నేను పిల్లను ఒళ్ళో పెట్టుకుని గల్ల దగ్గర ఉన్నాను. మంత్రసాని మెట్టు మీద ఉంది. డాక్టరమ్మ ఆమె ముందు నిలబడి, ఉపోద్ఘాతం ఏమీ లేకుండా, “మీరు మా ఆసుపత్రికి వచ్చి పనిచెయ్యాలమ్మా. నాకు మీరు కావాలి” అంది.

మంత్రసాని రోడ్డు వైపు చూపు తిప్పింది. అన్నేళ్ళు మా మెట్టు మీద కూర్చున్న మనిషి, మా విద్య ఊరికే పోదు. “ఊడ్సుడు, తుడ్సుడు నాకు జెప్పొద్దు. రెండు పూటల చాయ్ కావాలె. కూసుండుటానికి పీట కావాలె, గుమ్మం అవతల కాదు, లోపలనే.”

“సరేనండీ.”

“ఇంకొకటి.” కొంగుతో మెట్టు మీద లేని దుమ్ము దులిపింది. “ముఖ్యమేం గాదు. గా సీస మందు సంగతి జర సూపిస్తే సూస్త. లేకుంటే లేదు.”

“సరే, ముఖ్యం కానప్పుడు...” అని డాక్టరమ్మ మొదలుపెట్టింది. నేను ఆమె వైపు చూసి గట్టిగా తల అడ్డంగా ఊపాను. మా వ్యాపారంలో అంతకుమించిన ద్రోహం లేదు. డాక్టరమ్మ ఆగింది. నన్ను చూసింది, తర్వాత మంత్రసానిని చూసింది.

“ముఖ్యమేనా అమ్మా?”

రోడ్డు మీద లారీ ఒకటి పోయింది. మంత్రసాని దాని వైపు చూడలేదు, డాక్టరమ్మ ముఖంలోకి చూసింది.

“ముఖ్యమే.”

డాక్టరమ్మ దూది పొట్లం కింద పెట్టి, మెట్టు మీద ఆమె పక్కన కూర్చుంది. “సూది మీ చేతికి ఇవ్వలేనమ్మా, చట్టం ఒప్పుకోదు. ఆ మందు ఎప్పుడెయ్యాలో, ఎందుకు పనిచేస్తుందో చెబుతాను. ఎవరికి అవసరం పడుతుందో ముందే ఎలా కనిపెట్టాలో నేర్పుతాను.”

మంత్రసాని తన బోసి మణికట్టు రుద్దుకుంది. కడియాలు మళ్ళీ తొడగలేదు.

“ముందుగాల సూపియ్యుండ్రి. ఇచ్చుడు, ఇయ్యకపోవుడు అటెన్క మాట్లాడుదం” అన్నది, ఇప్పుడే బేరానికి కూర్చున్న గొంతుతో.